పురపాలక ఉద్యోగుల పింఛను, వైద్య భద్రత: హామీ ఇచ్చిన నాడే నిధి పక్కన పెట్టాలా?

1. అంబర్‌పేట లెక్కలు

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ నగర శివార్లలోని ఒక పురపాలక సంఘంలో లెక్కల విభాగంలో ఉద్యోగం మొదలుపెట్టాను. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు పాత నగరపాలక సంస్థలో కలిసి జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, ఏర్పడినప్పుడు కొత్త సంస్థలోకి వచ్చి, అక్కడే పదవీ విరమణ చేశాను. పద్దులతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కాబట్టి ఈ చర్చను కూడా పద్దుల వైపు నుంచే మొదలుపెడుతున్నాను.

ఉద్యోగి ఈ నెల చేసిన పనికి ఈ నెలాఖరున జీతం ఇస్తాం. అదే పనికి ప్రతిఫలంగా విరమణ తరువాత పింఛను, గ్రాట్యుటీ, తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం అందుతాయని హామీ కూడా ఇస్తాం. పింఛను యజమాని దయతో ఇచ్చేది కాదని, చేసిన సేవకు హక్కుగా రావలసినదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే హక్కు ఈ నెలలోనే పుడుతోంది. ఖర్చు మాత్రం ముప్పై ఏళ్ల తరువాతి బడ్జెట్‌లో కనిపిస్తుంది. చాలా పురపాలికల్లో ఆస్తి పన్ను, భవన నిర్మాణ అనుమతుల రుసుము, ప్రభుత్వ గ్రాంటు అన్నీ కలిసిన సాధారణ నిధి నుంచే ఏ ఏడాది పింఛన్లను ఆ ఏడాది చెల్లిస్తారు. బాధ్యత ఎప్పుడు ఏర్పడితే అప్పుడే పుస్తకంలో చూపాలన్న పద్ధతిని జాతీయ పురపాలక లెక్కల మాన్యువల్ 2004లోనే సూచించింది. అయినా బడ్జెట్ సమావేశాల్లో రోడ్లు, నాలాలు, వీధి దీపాల మీద జరిగే చర్చలో పదో వంతు కూడా ఈ విషయం మీద జరగదు.

దీన్ని ఇప్పుడే ఎత్తడానికి కారణం ఉంది. 2021 మార్చిలో తెలంగాణలో విరమణ వయసును 58 నుంచి 61కి పెంచారు. దానితో దాదాపు మూడేళ్ల పాటు వయసు రీత్యా విరమణలు ఆగిపోయి, 2024 నుంచి మళ్లీ మొదలయ్యాయి. అప్పటి వేతన సవరణతోనే గ్రాట్యుటీ పరిమితి 12 లక్షల నుంచి 16 లక్షలకు చేరింది. పింఛనులో 40 శాతం వరకు కమ్యుటేషన్, అంటే ముందుగానే ఏకమొత్తంగా, తీసుకోవచ్చు. వీటన్నిటినీ విరమణ సమయంలోనే ఒక్కసారిగా చెల్లించాలి. ముందుగా నిధి కూర్చుకోని సంస్థ ఈ భారాన్ని ఏ పద్దు నుంచి తీస్తుంది? తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

2. గచ్చిబౌలి గణకుడు

అంబర్‌పేట లెక్కలు గారు, మీ ప్రశ్నే నా వృత్తి. మా కార్యాలయం గచ్చిబౌలిలో ఉన్నా, మేము లెక్కగట్టేది అమెరికాలోని కౌంటీలు (మన జిల్లాల వంటివి), నగరాలు, పాఠశాల జిల్లాలు తమ ఉద్యోగులకు ఇచ్చిన హామీల విలువను. అక్కడి అనుభవం మనకు యథాతథంగా వర్తించదు, కానీ ఆలోచించడానికి పనికొస్తుంది.

అక్కడి స్థానిక ప్రభుత్వాలు పనిలో ఉన్న ఉద్యోగుల వైద్యానికి రెండు దారుల్లో డబ్బు పెడతాయి. చిన్న పట్టణం బీమా సంస్థకు ప్రీమియం కట్టి భారమంతా దానికి అప్పగిస్తుంది, లేదా పక్క పట్టణాలతో కలిసి ఉమ్మడి నిధిలో చేరుతుంది. పెద్ద కౌంటీ అయితే ఆస్పత్రి బిల్లులను తన నిధి నుంచే చెల్లిస్తూ, ఒక పరిమితికి మించిన పెద్ద బిల్లులకు మాత్రం వేరుగా బీమా కొనుక్కుంటుంది. ఇదంతా ఏ ఏడాదికి ఆ ఏడాది తేలిపోయే లెక్క కాబట్టి పెద్ద చిక్కు లేదు.

చిక్కంతా విరమణ చేసినవారి దగ్గర మొదలవుతుంది. అమెరికాలో 65 ఏళ్లు నిండితే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా అందుతుంది. అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు వంటివారు అంతకంటే చాలా ముందే విరమణ చేస్తారు. మధ్యలోని ఆ ఏళ్లలో వారిని ఉద్యోగుల బృందంలోనే ఉంచి అదే ప్రీమియం వసూలు చేస్తే, వయసు రీత్యా అయ్యే అదనపు ఖర్చును యువ ఉద్యోగుల ప్రీమియం, దానితో పాటు నగర ఖజానా మోస్తాయి. ఏ పద్దులోనూ రాయకపోయినా అది సబ్సిడీయే. చాలా కాలం నగరాలు ఆ ఏడాది కట్టిన మొత్తాన్ని మాత్రమే ఖర్చుగా చూపేవి. ప్రభుత్వ లెక్కల ప్రమాణాల మండలి, అంటే గాస్బ్, 2004లో 45వ ప్రమాణాన్నీ, 2015లో మరింత కఠినమైన 75వ ప్రమాణాన్నీ తెచ్చాక, ఇప్పటికే సంపాదించుకున్న హామీల మొత్తం విలువను ఆస్తి అప్పుల పట్టికలోనే బాధ్యతగా చూపవలసి వచ్చింది. ఆ అంకె బయటపడిన తరువాత కొన్ని నగరాలు వెనక్కి తీసుకోవడానికి వీల్లేని ట్రస్టులు పెట్టి ఏటా కొంత వేయడం మొదలుపెట్టాయి, కొన్ని కొత్తగా చేరేవారికి ఆ లబ్ధిని తగ్గించాయి, కొన్ని చూసీచూడనట్టు ఊరుకున్నాయి.

నిధి ముందే పెట్టడం వల్ల వచ్చే తేడా సామాన్యమైనది కాదు. ఇవాళ పక్కన పెట్టిన లక్ష రూపాయలు ఏటా 7 శాతం చొప్పున పెరిగితే ముప్పై ఏళ్లకు సుమారు 7.6 లక్షలు అవుతాయి. పెట్టకపోతే ఆ 7.6 లక్షలను అప్పటి పన్నుదారు ఒక్కడే కట్టాలి.

3. నాచారం కార్మికమిత్ర

పెద్దలు చెబుతున్నది పర్మినెంట్ ఉద్యోగుల గురించి. నగరం తెల్లవారేసరికి ఊడ్చి శుభ్రంగా ఉంచేవారిలో అత్యధికులు ఔట్‌సోర్సింగ్ కార్మికులు. వారి భద్రతకు డబ్బు ఎలా వస్తుందో చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు.

నెలకు 16,000 రూపాయల వేతనం ఉన్న ఒక పారిశుద్ధ్య కార్మికురాలిని తీసుకుందాం. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐకి యజమాని వాటా 3.25 శాతం, అంటే 520 రూపాయలు. ఆమె వాటా 0.75 శాతం, అంటే 120 రూపాయలు. 2019 జూలై నుంచి ఇవే రేట్లు. భవిష్యనిధికి 15,000 రూపాయల పరిమితి మీద ఇద్దరూ 12 శాతం చొప్పున 1,800 కడతారు. యజమాని కట్టిన 1,800లో 1,250 పింఛను పథకానికి వెళ్లి, మిగిలిన 550 మాత్రమే ఆమె పీఎఫ్ ఖాతాలో చేరుతుంది. గమనించండి, ఇక్కడ ప్రతి నెలా డబ్బు ముందుగానే పక్కకు వెళ్తోంది. గచ్చిబౌలి గణకుడు గారు చెప్పిన సూత్రం కాగితం మీద అమలవుతున్నది నగరంలో అతి తక్కువ జీతం ఉన్న మనిషి విషయంలోనే.

అయితే ఆ నిధి ఎంత పింఛను ఇస్తుందో చూడండి. సూత్రం ప్రకారం 15,000 రూపాయల వేతనాన్ని సేవాకాలంతో గుణించి 70తో భాగించాలి. పద్నాలుగేళ్లు పనిచేసిన మనిషికి నెలకు 3,000 వస్తుంది. దానికి కరవు భత్యం లేదు, ధరలతో పాటు పెరగదు. కనీస పింఛను 2014 నుంచి 1,000 రూపాయల దగ్గరే ఆగిపోయింది. అదే వీధిలో అదే పని చేసిన పాతతరం పర్మినెంట్ కార్మికుడికి చివరి జీతంలో సగం వరకు పింఛను, దాని మీద కరవు భత్యం, తరువాత భార్యకు కుటుంబ పింఛను అందుతాయి.

వైద్యం సంగతి మరొక రకంగా ఉంది. ఈఎస్‌ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టిన చందాకు తరువాతి జనవరి నుంచి జూన్ వరకు నగదు లబ్ధి వర్తిస్తుంది. అనారోగ్య భృతి రావాలంటే ఆ చందా కాలంలో కనీసం 78 రోజుల చందా నమోదై ఉండాలి. కార్మికులను సరఫరా చేసే ఏజెన్సీ చందా కట్టడంలో రెండు నెలలు ఆలస్యం చేస్తే నష్టపోయేది కార్మికురాలే. మా బస్తీలో ఒక ఆమెకు శస్త్రచికిత్స జరిగిన తరువాత తెలిసింది, జీతంలో కోత పడినా ఆమె పేరు మీద చందా జమ కాలేదని. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమానే కట్టాలని చట్టం చెబుతోంది, కానీ ఆమె ఏ కార్యాలయానికి వెళ్లినా మరో కార్యాలయం పేరు చెప్పారు. నెలనెలా చలానా చూశాకే ఏజెన్సీ బిల్లు మంజూరు చేసే పద్ధతిని గట్టిగా పాటిస్తే ఈ దుస్థితి ఉండదు.

విరమణ తరువాత కూడా, కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ పరిధిలో పనిచేసి వయసు రీత్యా వైదొలగినవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం పొందవచ్చు. ఈ సంగతి మా కార్మికుల్లో పదిమందిలో ఒకరికి కూడా తెలియదు. ఇది చదువుతున్నవారు మీ వీధిలో పనిచేసే వారికి దయచేసి చెప్పండి.

4. సైనిక్‌పురి పన్నుదారు

అందరి బాధా అర్థమవుతోంది. అయినా పన్ను కట్టే మనిషిగా ఒక మాట అడగాలి. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ ఉంటుందని ఎర్లీబర్డ్ గడువులోనే ఆస్తి పన్ను కడతాం. మా కాలనీలో వాననీరు పోయే దారి లేదు. మేము కట్టిన పన్ను జీతాలకూ పింఛన్లకూ సరిపోతోందని, పనులకు అప్పు తేవాలని చెబితే మాకు కష్టంగా ఉంటుంది. ఇప్పుడు వాటితో పాటు భవిష్యత్తు కోసం మరో నిధి అంటే మా మీద రెండు తరాల భారం పడుతుంది: పాతవారి పింఛను మేమే కట్టాలి, ఇప్పటివారి రేపటి పింఛనుకూ మేమే దాచాలి. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి కదా, వాటిని ఎందుకు వాడరు?

5. అంబర్‌పేట లెక్కలు

సైనిక్‌పురి పన్నుదారు గారు, ఆ నిధులను వాడడానికి వీల్లేదు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో షరతులు లేని భాగాన్ని కూడా జీతాలకూ ఇతర సిబ్బంది ఖర్చులకూ వాడకూడదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి భారమంతా సొంత ఆదాయం మీద, రాష్ట్రం ఇచ్చే దాని మీద పడుతుంది. సొంత ఆదాయంలోనూ కొన్ని ముడులున్నాయి. ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే ఇళ్లకు 101 రూపాయలు చేసిన నిర్ణయం పేదలకు మేలు చేసింది, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఆ మేరకు తగ్గిన రాబడిని ఎవరు పూరించాలన్నది అప్పుడే తేల్చవలసిన విషయం.

రెండు తరాల భారం గురించి మీరు చెప్పింది నిజం. నిధి మొదలుపెట్టే తరం మీద కొన్నేళ్లు రెట్టింపు బరువు ఉంటుంది. నేను ఆలోచిస్తున్నది వేరే. జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు, అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, 2019లో 10.23 శాతానికి 100 కోట్లు బాండ్ల ద్వారా సేకరించింది. బాండ్లు కొన్నవారికి భరోసా కోసం ఆస్తి పన్ను వసూళ్లను విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలోకి మళ్లించి, అందులోంచి వడ్డీకీ అసలు తీర్చే సింకింగ్ ఫండ్‌కూ ముందుగా తీసి, మిగిలినదే మామూలు ఖర్చులకు వదులుతారు. అప్పు ఇచ్చినవారి విషయంలో ముందే పక్కన పెట్టడం మన సంస్థలకు చేతనవుతుందని దీనితో రుజువైంది. ముప్పై ఏళ్ల శ్రమను ముందే ఇచ్చేసి, దాని ధరలో ఒక భాగాన్ని తరువాత తీసుకుంటానని ఒప్పుకున్న ఉద్యోగి కూడా అప్పు ఇచ్చినవాడే. అతనికి మాత్రం ఎస్క్రో లేదు, సింకింగ్ ఫండ్ లేదు. మిగిలితే ఇస్తాం అన్న వరుసలో చివర నిలబడతాడు. నా వాదన అంతా ఇదే: బాండు కొన్నవారికి ఇచ్చిన ఏర్పాటులో సగమైనా పింఛనుదారుకు ఇవ్వాలి.

6. చిక్కడపల్లి గ్రంథపాలకురాలు

ముందే పక్కన పెట్టినంత మాత్రాన ఆ డబ్బు చేరవలసిన చోటికి చేరుతుందనుకోవద్దని నా అనుభవంతో చెబుతున్నాను. మీ ఆస్తి పన్ను బిల్లులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం రూపాయికి 8 పైసల చొప్పున స్థానిక సంస్థ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు అందజేయాలి. ప్రజలు ప్రత్యేకంగా ఒక పని కోసం కట్టిన డబ్బు అది. అయినా నేను పనిచేసిన చోట, వసూలు చేసిన సంస్థ దాన్ని సమయానికి పంపని ఏళ్లలో పత్రికల బిల్లులు, కరెంటు బిల్లు, చివరికి విరమణ చేసినవారి బకాయిలు కూడా ఆగిపోయాయి. మా తోటివారిలో 010 పద్దు (ప్రభుత్వ ఉద్యోగుల జీతాల పద్దు) ద్వారా ఖజానా నుంచి జీతం ఇవ్వాలన్న కోరిక అంత బలంగా ఉండడానికి కారణం ఇదే. పద్దు పేరు ఉంటే చాలదు, ఆ ఖాతా తాళం ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం.

7. సీపీఎస్ తరం

నేను 2004 సెప్టెంబర్ 1 తరువాత చేరినవాణ్ని, అంటే పాత పింఛను బదులు చందాతో నడిచే సీపీఎస్ పింఛను పథకంలో ఉన్నవాణ్ని. మా పింఛనుకు డబ్బు ముందే పక్కకు వెళ్తోంది: మూల వేతనం, కరవు భత్యం మీద మా నుంచి 10 శాతం, యజమాని నుంచి 10 శాతం. కేంద్రం తన వాటాను 2019 ఏప్రిల్ నుంచి 14 శాతానికి పెంచింది. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో కేంద్రం వాటా 18.5 శాతం, అందులో 8.5 శాతం ఉమ్మడి నిధికి పోతుంది. అంటే సగం జీతం పింఛనుగా గ్యారంటీ ఇవ్వాలంటే 10 శాతం చాలదని కేంద్రమే ఒప్పుకున్నట్టయింది.

అంబర్‌పేట లెక్కలు గారి వాదనతో నాకు పేచీ లేదు, కానీ ఒక తేడాను గుర్తించాలి. పాత పద్ధతిలో హామీ ఉంది, నిధి లేదు. మా పద్ధతిలో నిధి ఉంది, హామీ లేదు. మార్కెట్ పడిపోయిన ఏడాది మేము విరమణ చేస్తే ఆ నష్టాన్ని మేమే భరించాలి. యజమాని వాటా ఆలస్యంగా జమ అయితే ఆ కాలానికి రావలసిన పెరుగుదల మాకు శాశ్వతంగా పోతుంది. హామీని తీసేసి నిధి మాత్రం ఉంచడాన్ని సంస్కరణ అని పిలవడం నాకు సమ్మతం కాదు. రెండూ ఉండాలి.

8. గచ్చిబౌలి గణకుడు

సీపీఎస్ తరం గారు ముఖ్యమైన చోటే వేలు పెట్టారు. హామీ ఉండి నిధి లేకపోతే చివరికి ఏమవుతుందో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరం చూసింది. 2013 జూలై 18న అది దివాలా పిటిషన్ వేసినప్పుడు బాధ్యతలు సుమారు 1,800 కోట్ల డాలర్లు. అందులో విరమణ చేసినవారి వైద్యానికి సంబంధించినవే సుమారు 570 కోట్ల డాలర్లు. పింఛనుకు ఎంతో కొంత నిధి ఉంది, వైద్యానికి దాదాపు ఏమీ లేదు. ఫలితం కూడా అలాగే వచ్చింది. సాధారణ ఉద్యోగుల పింఛనులో 4.5 శాతం కోత పడింది, ఏటా ధరలతో పెరిగే వెసులుబాటు పోయింది. నగరం ఇచ్చే వైద్యం హామీ మాత్రం దాదాపు పూర్తిగా పోయి, దాని స్థానంలో పరిమిత మొత్తంతో ట్రస్టులు వచ్చాయి. మిషిగన్ రాజ్యాంగం పింఛనుకు రక్షణ ఇస్తున్నా, దివాలాలో కోతకు అది అడ్డు కాదని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. వైద్యానికి ఆ రాజ్యాంగ రక్షణ కూడా లేదు. నిధి ఉన్నంత మేరకే హామీ నిలబడింది.

మన నగరపాలికలకు దివాలా చట్టం లేదు. కాబట్టి ఇక్కడ హామీ ఒక్క రోజున కూలిపోదు. బకాయిల రూపంలో నెమ్మదిగా కరుగుతుంది. గ్రాట్యుటీ నెలల తరబడి రాదు, వేతన సవరణ బకాయిలు వాయిదా పడతాయి, వైద్యం బిల్లు టేబుళ్ల మీద తిరుగుతుంది. కోర్టు తీర్పు ఉండదు కాబట్టి ఇదంతా పత్రికల మొదటి పేజీకి ఎక్కదు.

విలువ కట్టడంలోని ఒక మెలిక గురించి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ల తరువాత చెల్లించవలసిన 100 రూపాయల నేటి విలువ, 7 శాతం రాబడి ఊహిస్తే 13 రూపాయలు, 4 శాతం ఊహిస్తే దాదాపు 31 రూపాయలు. రేటును ఎక్కువగా ఊహిస్తే బాధ్యత చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే గాస్బ్ ఒక షరతు పెట్టింది: నిజంగా ట్రస్టులో డబ్బు ఉన్న మేరకే పెట్టుబడి రాబడి రేటును వాడాలి, నిధి లేని భాగానికి నాణ్యమైన మునిసిపల్ బాండ్ల తక్కువ రేటునే వాడాలి. దాచనివారి అప్పు పెద్దదిగా కనిపించాలన్న ఈ నియమం నాకు చాలా న్యాయంగా తోస్తుంది. మన దగ్గర ఎవరైనా యాక్చువరీ లెక్క, అంటే భవిష్యత్తు చెల్లింపులకు నేటి విలువ కట్టే నిపుణుడి లెక్క, వేయిస్తే, మొదట అడగవలసిన ప్రశ్న ఏ రేటు ఊహించారన్నదే.

9. హిమాయత్‌నగర్ బిల్లింగ్

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బీమా, నగదు రహిత చికిత్సల విభాగంలో పనిచేస్తాను. పింఛను గురించి చాలా మాట్లాడారు, వైద్యం సంగతి నేను చెబుతాను.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉద్యోగుల ఆరోగ్య పథకం మొదలైనప్పుడు నెలకు 90 లేదా 120 రూపాయల చందా ఉండేది. తెలంగాణ వచ్చాక చందా తీసేసి ఖర్చంతా ప్రభుత్వమే భరిస్తుందన్నారు. 2016లో ఖైరతాబాద్‌తో వెల్‌నెస్ సెంటర్లు మొదలయ్యాయి. రాష్ట్ర ఉద్యోగులు, పింఛనుదారులతో పాటు ప్రభుత్వ సర్వీసులోకి తీసుకున్న స్థానిక సంస్థల ఉద్యోగులూ దీని పరిధిలో ఉన్నారు. రోజువారీ కూలీ మీద పనిచేసేవారు, ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారు లేరు. చందా లేకపోవడం వినడానికి బాగుంటుంది. కానీ ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే దాని మరో వైపు కనిపిస్తుంది. ఈ పథకానికంటూ నెలనెలా చేరే సొంత డబ్బు లేకపోతే, ఖజానాలో వీలున్నప్పుడే ఆస్పత్రికి బిల్లు వస్తుంది. బకాయిలు పేరుకుంటే ఆస్పత్రులు ఈ పథకం ఆరోగ్య కార్డు తీసుకోవడానికి వెనకాడతాయి. 2025 సెప్టెంబర్‌లో బకాయిల కారణంగానే నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు పింఛనుదారు తన డబ్బు కట్టి, తరువాత రీయింబర్స్‌మెంట్ ఫైలు పట్టుకుని తిరగాలి. డెబ్బై దాటిన మనిషి గుండె చికిత్సకు రెండు మూడు లక్షలు అప్పు తెచ్చి కట్టడాన్ని నేను తరచుగా చూస్తున్నాను. కార్డు చేతిలోనే ఉంటుంది.

ఉద్యోగులూ పింఛనుదారులూ మూల వేతనంలో 1 శాతం చందా ఇచ్చే పథకాన్ని తెలంగాణ తొలి వేతన సవరణ సంఘం సూచించింది. చాలా ఉద్యోగ సంఘాలు కూడా చందాకు సిద్ధమేనన్నాయి. యజమాని వాటా కూడా అంతే కలిసి, ఆ డబ్బు ప్రత్యేక ట్రస్టులో ఉండి, బిల్లులు గడువులోగా చెల్లితే, ఏ ఆస్పత్రీ కార్డును కాదనదు. చందా లేని కార్డు కంటే చెల్లే కార్డే మేలని నా గట్టి అభిప్రాయం.

10. సైనిక్‌పురి పన్నుదారు

బిల్లింగ్ మేడమ్ గారి మాట నన్ను ఆలోచింపజేసింది. మా అపార్ట్‌మెంట్‌లో మొదటి రోజు నుంచే కార్పస్ ఫండ్ ఉంది కాబట్టి, లిఫ్టు మార్చవలసి వచ్చినప్పుడు ఎవరినీ లక్షల్లో అడగలేదు. పక్క అపార్ట్‌మెంట్ వారు ఇప్పటికీ ఇంటింటికీ తిరుగుతున్నారు. ఆ లెక్కన నిధికి నేను వ్యతిరేకం కాదు. నా భయం మరొకటి. నగరపాలిక దగ్గర పెద్ద మొత్తం పోగైతే, ఎన్నికల ముందు ఏడాది దాన్ని ఫ్లైఓవర్‌కో ఉచితాలకో మళ్లించరని ఎవరు హామీ ఇస్తారు? గ్రంథపాలకురాలు గారు చెప్పిన సెస్సు కథ అదే కదా.

11. గచ్చిబౌలి గణకుడు

సైనిక్‌పురి గారు, మీ భయం సహేతుకమైనదే. అందుకే నిధి సంస్థ ఖాతాలో ఒక పద్దుగా ఉండకూడదు. చట్టపరంగా వేరైన, వెనక్కి తీసుకోలేని ట్రస్టులో ఉండాలి. దాని ధర్మకర్తల్లో ఉద్యోగుల, పింఛనుదారుల ప్రతినిధులు ఉండాలి. సంస్థ తన వాటా కట్టని నెల ఆ సంగతి బహిరంగంగా తెలియాలి. అమెరికా నగరాల్లో ఇలాంటి ట్రస్టులోని డబ్బును నగరానికి అప్పు ఇచ్చినవారు కూడా ముట్టుకోలేరు.

ఎంత వేయాలన్న ప్రశ్నకు కూడా ఒక మధ్యే మార్గం ఉంది. పాత బాధ్యత మొత్తాన్ని ఒకేసారి పూరించాలని ఎవరూ అనడం లేదు. ఈ ఏడాది పనిచేసినవారు ఈ ఏడాది సంపాదించుకున్న హక్కు విలువను మాత్రం ఈ ఏడాదే వేసి, పాతదాన్ని ఇరవై, ఇరవై అయిదేళ్ల వాయిదాల్లో తీర్చుకుంటూ పోవచ్చు. అలా చేస్తే కనీసం బాధ్యత కొత్తగా పెరగదు.

12. అంబర్‌పేట లెక్కలు

మరొక విషయం దీనితో ముడిపడి ఉంది. 2007లో మా పురపాలక సంఘం విలీనమైనప్పుడు భవనాలు, వాహనాలు, బ్యాంకు నిల్వలు, బకాయి బిల్లులు అన్నిటికీ జాబితాలు రాశాం. మా ఉద్యోగుల మీద పేరుకున్న పింఛను బాధ్యత విలువ ఎంత అన్న గడి ఆ జాబితాలో లేదు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు పరిధిలోని మరో 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపే నిర్ణయం జరిగింది. కొత్తగా వచ్చే ప్రాంతాల పన్ను రాబడి ఎంత, భూమి విలువ ఎంత అన్న లెక్కలు పత్రికల్లో చదివాం. వాటితో వచ్చే ఉద్యోగుల వయసు ఎంత, వారికి ఇచ్చిన హామీల విలువ ఎంత అన్న లెక్క మాత్రం ఎక్కడా నా కంటపడలేదు. విలీనాలు, విభజనలు జరిగే సమయమే ఈ లెక్క అడగడానికి తగిన సమయం, ఎందుకంటే ఆ తరువాత ఏ సంస్థ బాధ్యత ఎంతన్నది తేల్చడం కష్టమవుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాశాను. విరమణ చేసిన, పనిలో ఉన్న ఉద్యోగుల సంఖ్య వయసుల వారీగా ఎంత, పింఛను, గ్రాట్యుటీ, వైద్యం బాధ్యతలకు యాక్చువరీ చేత ఎప్పుడైనా విలువ కట్టించారా, కట్టిస్తే ఏ రాబడి రేటు ఊహించారు, ఈ బాధ్యతల కోసం ప్రత్యేక నిధి ఉందా, ఉంటే గత ఐదేళ్లలో అందులో వేసినదెంత, తీసినదెంత అని అడిగాను. ఇంకేమైనా చేర్చాలంటే ఈ వారంలోగా చెప్పండి.

13. నాచారం కార్మికమిత్ర

తప్పకుండా చేర్చండి. ఔట్‌సోర్సింగ్ కార్మికుల తరఫున ఏజెన్సీలకు చెల్లించిన ఈఎస్‌ఐ, పీఎఫ్ వాటాలు నెలల వారీగా ఎంత, అందులో కార్మికుల ఖాతాల్లో జమ అయినట్టు చలానాలతో సరిచూసినవి ఎన్ని, గడువైన 15వ తేదీ దాటి జమ అయినవి ఎన్ని అని అడగండి. వేతనం 21,000 దాటి ఈఎస్‌ఐ పరిధి నుంచి బయటపడేవారికి బదులుగా ఏ వైద్య ఏర్పాటు చేశారని కూడా అడగండి. జీతం కాస్త పెరిగిందన్న కారణంగా వైద్యం పోగొట్టుకునేవారు కూడా ఉంటారు.

14. సీపీఎస్ తరం

యజమాని వాటా మా పింఛను (ఎన్‌పీఎస్) ఖాతాల్లో జమ కావడానికి సగటున ఎన్ని రోజులు పడుతోందో కూడా ఒక ప్రశ్నగా పెట్టండి. ఆలస్యమైన కాలానికి వడ్డీ ఇచ్చారా లేదా అన్నది విడిగా అడగాలి. కలిపి అడిగితే ఒకదానికే జవాబు ఇచ్చి వదిలేస్తారు.

15. అంబర్‌పేట లెక్కలు

ఇద్దరి ప్రశ్నలనూ చేర్చాను. సీపీఎస్ తరం గారు చెప్పినట్టు ప్రతి ప్రశ్ననూ విడిగా, తన అంకెతో రాశాను. 10 రూపాయల రుసుముతో ప్రజా సమాచార అధికారికి సోమవారం అందజేస్తాను. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. జవాబు వస్తే, ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెడతాను. రాకపోతే మొదటి అప్పీలు నకలు పెడతాను. వయసుల పట్టిక అందితే దాని ఆధారంగా ఉజ్జాయింపు విలువ కట్టి చూపవలసిందిగా గచ్చిబౌలి గణకుడు గారిని ముందుగానే కోరుతున్నాను.

16. గచ్చిబౌలి గణకుడు

తప్పకుండా. 4, 6, 7 శాతాల రేట్లతో మూడు అంచనాలూ పక్కపక్కనే వేసి ఇస్తాను. సగటు జీతం కూడా వయసుల వారీగా అడగండి. అది లేకుండా సంఖ్య ఒక్కటే ఉంటే పింఛను విలువ తేలదు.